కిటికీకా, కోడికా?

వీధి చివరి రేకుల షెడ్డులో వెల్డింగ్ పని చేసే ఆవిడకి ఊళ్లో సగం కిటికీలు చుట్టాలే. తండ్రి దగ్గర నేర్చుకున్న పని అది. నల్లద్దం ముఖానికి అడ్డం పెట్టుకుని నిప్పురవ్వల మధ్య కూర్చుందంటే పక్కన పిడుగు పడినా తల ఎత్తేది కాదు. భర్తది పక్కనే ఇస్త్రీ కొట్టు. ఇప్పటికీ బొగ్గుల పెట్టెతోనే రుద్దుతాడు. “మాది ఇనుముకీ బొగ్గుకీ కుదిరిన సంబంధం” అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు.

ఒక రోజు ఆవిడకి ఫోను వచ్చింది. ఓడల్లో వంటవాడిగా చేసి, ఈ మధ్యే పని మానేసి ఊళ్లో స్థిరపడిన పెద్దాయన.

“అమ్మా, మా మేడ మీదకి ఒక గ్రిల్లు కావాలి. మూడడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు.”

“పూల డిజైను పెట్టమంటారా బాబాయిగారూ?”

“నీ ఇష్టం తల్లీ. గట్టిగా ఉంటే చాలు.”

“రంగేం వెయ్యమంటారు?”

“రంగా! వద్దు వద్దు, నోట్లోకి పోతుంది.”

ఈయన కిటికీ కొరుకుతాడా ఏంటి అనుకుంది ఆవిడ. అయినా ఇచ్చిన కొలతకి చువ్వలు కోసి, మధ్యలో నాలుగు రేకుల పువ్వు వంచి, ముచ్చటగా చేసి పట్టుకెళ్లింది. మేడంతా వెతికినా దాన్ని బిగించడానికి కిటికీ కనబడలేదు. పెద్దాయన మాత్రం మసాలా పట్టించిన కోడిముక్కలతో సిద్ధంగా కూర్చున్నాడు.

“ఇదేంటమ్మా?”

“గ్రిల్లండీ.”

“నేనడిగింది కోడి కాల్చే గ్రిల్లు!”

ఆవిడ ముఖం కందగడ్డ అయింది. పెద్దాయన మాత్రం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, నాలుగు ఇటుకలు పేర్చి, బొగ్గులు రాజేసి, ఆ కిటికీనే పైన పరిచాడు. ముక్కలు పూరేకుల మధ్య నుంచి ఒక్కొక్కటే నిప్పుల్లోకి దూకాయి. మిగిలిన ఒక్క ముక్కనీ ఇద్దరూ పంచుకున్నారు. అది నాలుక మీద పడగానే ఆవిడ వేళ్లు కూడా నాకేసింది.

“పొగ బాగా పట్టేలా మూత ఉన్నది చేసిస్తాను బాబాయిగారూ. మీరు కాదన్నా చేస్తాను” అని లేచింది.

వంటనూనె వచ్చిన పాత డ్రమ్మొకదాన్ని శుభ్రంగా కడిగి, ఎర్రగా కాల్చి, నిలువునా రెండుగా కోసింది. మడతబందులు వేసి పై సగాన్ని మూత చేసింది. లోపల దగ్గర దగ్గరగా చువ్వలు పరిచింది. షెడ్డు వెనక పెరట్లో బొగ్గులు రాజేసి, కోడిని పెట్టి, మూత వేసింది. కాసేపటికి తీసి చూస్తే నిప్పు చచ్చింది, కోడి మాత్రం బతికున్నదానిలాగే ఉంది.

భర్త గోడ మీంచి తొంగి చూశాడు. “నా ఇస్త్రీ పెట్టెకి పక్కన కన్నాలెందుకున్నాయనుకున్నావు? అందానికా?”

“ఆ మాట ముందే చెప్పొచ్చుగా!”

“నువ్వు అడిగితేగా!”

కన్నాలు పెట్టింది. ఈసారి మంట బతికింది. దాంతో పాటు పొగ కూడా. అదంతా గోడ దాటి, ఇస్త్రీ కొట్టులో తీగ మీద వేలాడుతున్న బట్టల్లో కాపురం పెట్టింది.

మర్నాడు హెడ్మాస్టరుగారు తెల్లచొక్కాతోనే వచ్చి నిలబడ్డారు. ఆయన వెనకే మూడు వీధికుక్కలు భక్తిగా కూర్చున్నాయి.

“ఏంటయ్యా ఈ చొక్కా? పాఠం చెప్తుంటే ఇవి గుమ్మంలో కూర్చుని ఒక్కటే చూపు. మా పిల్లలు కూడా అంత శ్రద్ధగా వినరు!”

భర్త చేతులు జోడించాడు. ఆయన వెళ్లాక పెళ్లాం వైపు తిరిగాడు. “ఇదిగో, నీ కోడి ఉండాలో నా కొట్టుండాలో తేల్చు.”

ఆవిడకి సిగ్గూ వేసింది, నవ్వూ వచ్చింది. సాయంత్రానికల్లా డ్రమ్ముకి ఒక పక్క పొడుగాటి గొట్టం నిలబెట్టింది, పొగ కప్పుల మీదుగా పోయేలా. గొట్టం గాలిని మరీ లాగేస్తోందని అందులో తిప్పుకునే రేకు బిళ్ల ఒకటి అమర్చింది. బిళ్ల సగం మూస్తే పొగ తొందరపడకుండా మాంసాన్నంతా ఒకసారి చుట్టి, అప్పుడు బయటికి దారి చూసుకునేది. తిట్లు తప్పించుకోవడానికి చేసిన పని, రుచికి పనికొచ్చింది.

ఓడ పెద్దాయన వచ్చి ఒక కాలు తుంచి నోట్లో పెట్టుకున్నాడు. ఎముక నున్నగా అయ్యేదాకా వదల్లేదు. “తల్లీ, ఇన్ని రేవులు తిరిగాను. ఇంత ఓపికున్న పొగ ఎక్కడా తగల్లేదు.”

ఆ మాట ఊరంతా పాకింది. డ్రమ్ములతో పాటు మాంసం గుచ్చే పొడుగు చువ్వలూ, చెయ్యి కాలకుండా పిడి పొడిగించిన పట్టకార్లూ, బొగ్గులు ఎగదోసే చిన్న పారలూ అడగసాగారు. పేరు కూడా మారింది; ఇప్పుడావిడ అందరికీ గ్రిల్లక్క. ఫోనెత్తగానే మొదట అడిగేది ఒకటే: “కిటికీకా, కోడికా?”

ఒక ఆదివారం హెడ్మాస్టరుగారిని భోజనానికి పిలిచి, పొగబెట్టిన కోడిని వంటింట్లో మూత పెట్టి ఉంచారు. వడ్డించబోతే గిన్నె ఖాళీ. మూత నేల మీద, పిల్లి గోడ మీద. వంటింటి కిటికీ బోసిగా తెరుచుకుని ఉంది.

“ఊరందరి కిటికీలకీ గ్రిల్లులు పెట్టావు. మనదాని సంగతేంటి?” అన్నాడు భర్త.

“మీరు అడిగితేగా!”

హెడ్మాస్టరుగారు పచ్చడితోనే తృప్తిగా తిన్నారు. ఆవిడ మాత్రం చెయ్యి కడుక్కోకుండానే టేపు తెచ్చి కిటికీ కొలవడం మొదలుపెట్టింది.