జొన్న పొట్టమీద గడ్డ... బందు రోజు ప్రయాణం

మా చిన్నప్పుడు... నానక్‌రామ్‌గూడలో మేం కిరాయికున్న గది ముందు, నాయిన ఆటో నీడలో జొన్న వెల్లకిలా పడుకునేది. జొన్న మా కుక్క. జొన్నరొట్టె రంగులో ఉంటుందని అమ్మ పెట్టిన పేరు. బడి నుంచి రాగానే దాని పొట్ట గోకడం నా పని.

వానాకాలంలో ఒకరోజు అలా గోకుతుంటే వెనక కాళ్ల దగ్గరి రొమ్ములో ఏదో వేలికి తగిలింది. శనగగింజంత... గట్టిగా. నొక్కితే చర్మం కింద జారింది.

నేనెవరికీ చెప్పలేదు.

ఎందుకంటే అంతకుముందే మా సందులో గజ్జి పట్టిన కుక్కనొకదాన్ని గోనెసంచిలో కట్టి గోపన్‌పల్లి అవతల వదిలేసి వచ్చారు. రోగమని తెలిస్తే జొన్ననూ అలాగే తీసుకుపోతారనుకున్నాను. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. రోజూ తడిమి చూసేదాన్ని... శనగగింజ చింతగింజ అయింది. దసరా దాటేసరికి నిమ్మకాయంత అయింది. రాత్రి నాకు అన్నం సహించేది కాదు.

చివరికి అమ్మే చూసింది. ఆమె భయపడలేదు. అంతకుముందు నెల జొన్న ఒక పాత చెప్పును మంచం కిందికి లాక్కుపోయి, పిల్లను కాచినట్టు కాచింది. ఈనకపోయినా రొమ్ముల్లో పాలు పడ్డాయి. అందుకే అమ్మ, "పాలు గడ్డగట్టినయ్, అంతే. తాగే పిల్లల్లేకపోతే ఏడికి పోతయ్?" అంది. బాలింతలకు చేసినట్టే ఉప్పు వేయించి, గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టింది. పాలు కరగాలని గట్టిగా పిసికింది. మూతి పట్టుకునే పని నాది. జొన్న నన్ను కరవలేదు... కళ్లలోకి చూస్తూ మూలిగింది.

అది పాలగడ్డ కాదని నాకు లోపల తెలుసు. చెప్పు సంగతికి ఎంతో ముందే అది అక్కడుంది. అయినా నోరు విప్పలేదు.

పదిహేను రోజులకు చర్మం పగిలి నెత్తురు కారింది. పై గదిలో ఉండే వరలక్ష్మి ఆంటీ దిగివచ్చి చూసింది. కాకినాడవాళ్లు.

"ఇది పాలగడ్డ కాదండీ. మా పుట్టింట్లో కుక్క ఇలాగే పోయింది. ఇవాళే డాక్టరుకి చూపించాలి."

ఆ రోజు తెలంగాణ బందు. ఆటో బయటికి తీస్తే అద్దాలు ఉంటాయో లేదోనని నాయినకు గుబులు. ఒకసారి జొన్నను చూశాడు, ఒకసారి నన్ను చూశాడు, తాళంచెవి తీసుకున్నాడు. జొన్నను దుప్పటిలో చుట్టుకుని అమ్మా నేనూ ఎక్కాం, ఆంటీ కూడా ఎక్కి కూర్చుంది.

"అక్కా, తొవ్వల మీరు జర మాట్లాడకుండ్రి. మీ మాట ఇంటే ఎవలేమంటరో" అన్నాడు నాయిన.

"సరేనండి, నోరు కుట్టేసుకుంటాను."

మెయిన్ రోడ్డెక్కామో లేదో... ఎదురుగా వంటావార్పు. తారురోడ్డు మీద రాళ్లపొయ్యి, పెద్ద డేగిసా, పొగ, జెండాలు, చుట్టూ జనం. ఇద్దరు యువకులు ఆటోకు అడ్డం వచ్చారు.

"బందని తెల్వదా? ఏడికి?"

"దవాఖానకు, తమ్మీ."

"పేషెంటేది?"

నాయిన వెనక్కి తిరిగి చూశాడు. జొన్న నా ఒళ్లో దుప్పటి కింద వణుకుతోంది.

అప్పుడు ఆంటీ నోరు విప్పింది. "బాబూ, కుక్కండీ! రొమ్ములో గడ్డ పగిలిందండీ, నెత్తురు ఆగట్లేదు. వెళ్లనివ్వండి బాబూ!"

నాయిన కళ్లు మూసుకున్నాడు. తరవాత ఎవరో పకపకా నవ్వారు... "ఓరి, కుక్కకురా!"

డేగిసా దగ్గరున్న ఒక ముసలమ్మ గరిటెతోనే వచ్చి దుప్పటి ఎత్తి చూసింది. ఆమె ముఖం మారిపోయింది.

"నవ్వకుండ్రిరా. రొమ్ముల గడ్డంటే ఏందో మీకేమెర్క? మా చెల్లె గట్లనే పాయె. పొయ్యి పక్కకు జరుపుండ్రి!"

ఉడుకుతున్న అన్నం డేగిసాను నలుగురు పట్టుకుని లేపారు. కాళ్లతో రాళ్లు పక్కకు తోశారు. ఆటో పోయేంత సందు అయింది. "వాపసు వచ్చేటప్పుడు బువ్వ తిని పోవాలె, ఆంధ్రా ఆంటీ!" అని వెనకనుంచి ఒకడు అరిచాడు. ఆంటీ పైటతో కళ్లు తుడుచుకుంది.

డాక్టరుగారు చూసి, "ఎన్నాళ్ల నుంచి ఉంది?" అన్నారు.

"పదిహేను దినాలాయె" అంది అమ్మ.

నేను బల్ల మీది జొన్నను పట్టుకునే చెప్పేశాను. "కాదు... వానలప్పటి సంది. నాకు తెల్సు."

"ఇది కణితి" అన్నారు డాక్టరుగారు. "పిసికారా? కాపడం పెట్టారా? అలా చేయకూడదమ్మా." అమ్మ రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది.

ఆ రోజే కోసి తీశారు. లోపల ఊపిరితిత్తులకు పాకిందో లేదో ముందుముందు తెలుస్తుందన్నారు. చలికాలమంతా నా చెవి దాని ఊపిరి మీదే. కొత్త మాట ఏది దొరికినా నోట్‌బుక్కులో రాసుకునే పిచ్చి నాకిప్పుడు ఉంది. 'కణితి' మాత్రం ఇంతవరకూ రాసుకోలేకపోయాను.

ఉగాది ముందు జొన్నకు దగ్గు మొదలైంది... ఎండలు ముదరకముందే పోయింది.

పూడ్చి వచ్చాక, అమ్మ తిడుతుందని గోడకు అతుక్కుని నిలబడ్డాను. తిట్టలేదు. దగ్గరకు తీసుకుని, "భయమైతె భయమైందనే జెప్పాలె బిడ్డా. నువ్వు జెప్పలే, నేను అడగలే" అంది.

ఇప్పుడు ఆ రోడ్డు మీద పొయ్యి పెట్టే చోటే లేదు, అన్నీ అద్దాల మేడలు. మా సందు మొదట్లోనే జంతువుల దవాఖాన వచ్చింది. నడిచి వెళ్తే రెండు నిమిషాలు... జొన్నకు అందనంత దగ్గర.

మీరూ చిన్నప్పుడు భయపడి దాచిన మాట ఏదైనా ఉంటే... ఇక్కడ చెప్పుకోండి. ఎవరూ తిట్టరు.