పొద్దుట సైరన్ లేని ఊరు

మా అమ్మ గడియారం చూసి వంట చేయగా నేనెప్పుడూ చూడలేదు. జేకేపూర్ కాగితం మిల్లు కాలనీలో కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆమెకు మిల్లు సైరనే గడియారం. రెండింటి సైరన్‌కి అన్నం వారుస్తుంది. నాన్న పొద్దుటి 'ఎ' షిఫ్టు దిగి ఇంటికి వచ్చేసరికి అది తినడానికి వీలుగా చల్లారి ఉంటుంది. ఎప్పుడైనా అన్నం మరీ చల్లారిపోతే తప్పు నాన్నది, సైరన్‌ది కాదు.

డిగ్రీ అయిపోయి ఉద్యోగం దొరక్క ఇంట్లో ఉన్న ఏడాది నాకు ఒక జపాన్ యానిమే బొమ్మల సీరియల్ పిచ్చి పట్టింది. కొండల మధ్య చిన్న ఊరు, అందులో ఒక్కొక్కరే మాయమైపోయే బడిపిల్లలు, వాళ్లను వెతికే ఒక అమ్మాయి, ఆమె వెంట తమ్ముడు. ఆ ఊళ్లో ఎవరో ఒకరు మనిషి కాదు. ఎవరన్నది తేలాలి. శనివారం సాయంత్రం కొత్త భాగం వచ్చేది. దామంజోడి నుంచి గుణుపూర్ దాకా ఉన్న నాలాంటి పిచ్చివాళ్లు నలభైమందిమి ఫోన్లో గ్రూపు పెట్టుకున్నాం. అద్దంలో గొడుగు ఎడమచేతిలో ఎందుకుంది, మూడో భాగంలో లేని కిటికీ ఐదో భాగంలోకి ఎలా వచ్చింది అని వారమంతా కొట్టుకునేవాళ్లం. ఆ శ్రద్ధలో సగం డిగ్రీ మీద పెట్టి ఉంటే ఈపాటికి ఏదో ఆఫీసులో కూర్చుని ఉండేదాన్ని.

వంటింటి గుమ్మం దగ్గర సిగ్నల్ బాగా వస్తుందని అక్కడే కూర్చుని చూసేదాన్ని. అమ్మ తెర వైపు తిరిగేది కాదు. కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరుగుతూ వినేది. జపాను భాష ఆమెకు ఒక్క ముక్క రాదు, కథ నేనే మధ్యమధ్యలో చెప్పేదాన్ని. ఎనిమిదో భాగం నడుస్తుండగా చెయ్యి ఆపి అడిగింది.

"అమ్మీ, ఈళ్ల ఊళ్లో సాయంత్రం సైరనొకటే కూస్తాదేటి? పొద్దుట సైరన్ ఒక్క వారమూ ఇనపడలేదు. ఈళ్లకి తెల్లారదా?"

"అది సైరన్ కాదమ్మా. మైకులో పాట."

"ఏదైతే ఏటి. అదే పాట గదా, ఎప్పుడూను."

నవ్వేశాను. తర్వాత ఎందుకో మొదటి భాగం నుంచీ మళ్లీ పెట్టుకున్నాను. ప్రతి భాగంలోనూ అదే పాట, అదే వాలుపొద్దు. ఒక్కరు కూడా నిద్రలేచిన దృశ్యం లేదు. అంటే ఎనిమిది వారాలుగా మేము చూస్తున్నది ఒక్క సాయంత్రమే, ఆ ఊరు దాన్ని దాటి రాలేకపోతోంది. పాట ఎక్కడెక్కడ వినిపించిందో నిమిషాలతో సహా రాసి గ్రూపులో పెట్టాను. నాకే తట్టినట్టు పెట్టాను.

గ్రూపు ఊగిపోయింది. నీ చెవులకు దండం పెట్టాలన్నారు. అమ్మ పక్కన కూర్చుని, "ఏటన్నారు? సదువు," అంది. మా ఇంట్లో ఏ విషయమూ అమ్మను అడిగి చేసిన గుర్తు లేదు. టీవీ కొన్నప్పుడూ అడగలేదు, నన్ను ఏ కాలేజీలో వేయాలో కూడా అడగలేదు. అలాంటి మనిషి మాట మీద నలభైమంది మాట్లాడుతున్నారు. ఇంగ్లీషులో ఉన్నవి ఒక్కొక్కటే తెలుగు చేసి చదివాను.

"నేను సెప్పినానని రాసేవు గదా?"

"రాసేనులే అమ్మా."

ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మూడు రోజులకు జపాన్ సంగతులు తెలిసినవాడొకడు గాలి తీసేశాడు. అక్కడ చాలా ఊళ్లలో పిల్లలు ఇళ్లకు వెళ్లడానికి సాయంత్రం అలాంటి పాట వేస్తారట, అందులో వింతేమీ లేదట. నవ్వుల బొమ్మలు వరసకట్టాయి. నాకు ఒళ్లు మండిపోయింది. వెంటనే రాశాను: ఇది నా ఆలోచన కాదు, మా అమ్మది, ఆవిడ తెర కూడా చూడదు, వంటింట్లోంచి వింటుంది.

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. తెర చూడకుండా ఇంత పట్టిందా, ఇంకేం విన్నారో అడుగు అన్నారు. దామంజోడి అమ్మాయి ఒకతె గొంతు రికార్డు చేసి పంపింది. అమ్మ పక్కనే ఉందని చూసుకోకుండా నొక్కేశాను.

"ఆంటీ, తప్పయిపోయిందని ఏటీ అనుకోకండి. అది మీ మాటని మీ అమ్మాయి ఇప్పుడే సెప్పింది."

అమ్మ బియ్యం కడుగుతోంది. నీళ్లు వంపి, నా వైపు చూడకుండానే అంది.

"ఒప్పయినన్నాళ్లూ నీది. తప్పయినాక నాదేటి అమ్మీ?"

కోప్పడి ఉంటే ఎదురు మాట్లాడేదాన్ని. కోప్పడలేదు. తర్వాతి రెండు శనివారాలూ ఆ వేళకు పక్కింటికి వెళ్లి కూర్చుంది. నేను ఒక్కదాన్నే చూశాను. ఆ కథలో నాకు ఏదీ తట్టలేదు, అసలు మనసే నిలవలేదు.

చివరి భాగానికి ముందు వారం ఆమె లేవబోతుంటే కొంగు పట్టుకున్నాను. తప్పు చేశానమ్మా అన్నాను. ఫోను తెర కిందకు వచ్చేలా బియ్యం డబ్బా మీద బోర్లించి, ఈసారి నేనూ చూడను, ఇద్దరం విందాం అన్నాను. అమ్మ మళ్లీ కూర్చుంది. కత్తిపీట ముందుకు లాక్కుంది.

పాట మొదలై మధ్యలో ఆగిపోయింది. అమ్మ చెయ్యి కూడా ఆగింది.

"ఆ పాట ఎవులు ఏస్తారు? మన మిల్లు సైరన్‌కి ఒకడుంటాడు గదా, అలాగే ఈళ్లకీ ఒకడుండాల. ఆడ్ని ఎప్పుడైనా సూపించేరా?"

ఆలోచించాను. ఒక్కసారీ చూపించలేదు.

"అయితే ఆడే. వచ్చే వారం తేలిపోతాది గదా. తేలకముందే రాసీ. నా మాటని రాసీ."

ఆమె చూస్తుండగానే రాశాను. మొదటి వరుసలోనే, ఇది మా అమ్మ మాట అని.

తేలింది. మనిషి కానిది పాట వేసేవాడు కాదు, ఆ అమ్మాయి తమ్ముడు. గ్రూపులో సగంమంది మొదటి వారం నుంచే మొత్తుకుంటున్న మాటే అది. 'సైరన్ ఆంటీ' ఈసారి కూడా తప్పిందని సరదాగా వచ్చినవన్నీ, ఒక్కటి వదలకుండా అమ్మకు చదివాను. అమ్మ చివరిదాకా విన్నది.

"తప్పేనా?"

"తప్పేనమ్మా."

"తప్పయితే తప్పు. నాదే గదా," అంది అమ్మ, నవ్వుకుంటూ. ఆ మొదటి వరుస మళ్లీ చదవమంది.