పిన్ని నోరెత్తలేదు

నా చిన్నప్పుడు, కేజీఎఫ్ బంగారు గని కార్మికుల ఇళ్ళ లైన్లలో మేముండే రోజుల్లో, మా పిన్ని రెండో కాన్పుకు బేతమంగళ దగ్గరి పల్లె నుంచి మా ఇంటికి వచ్చింది. మొదటి కాన్పులో నొప్పులు తాళలేక అరిచినందుకు, ఎక్కడో ఒక ఆసుపత్రిలో నర్సు ఆమె తొడ మీద చెళ్ళున కొట్టిందట. ఆ సంగతి మా అవ్వకు చెప్పుకుంటే అవ్వ ఆమెనే తప్పుపట్టింది. "ఈతూరన్నా నోరు మూసుకొని కనమ్మా, పరువు తీయొద్దు" అని బుద్ధి చెప్పి మా ఊరి ఆసుపత్రిలో చేర్చింది.

పిన్ని అలాగే కనింది. మగపిల్లవాడు. బిడ్డను అందరికీ చూపించడానికి వరండాలోకి పోతూ అవ్వ నన్ను మంచం పక్కన కూర్చోబెట్టింది. కాసేపటికి పిన్ని కాళ్ళ దగ్గర దుప్పటి ఎర్రబడింది. ఆ ఎరుపు అంతకంతకూ పాకుతోంది. నేను లేవబోతే పిన్ని నా చెయ్యి పట్టుకొని వద్దని తల ఆడించింది. పెద్దవాళ్ళ మాట వినాలి కదా అని కూర్చుండిపోయాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

నేల తుడవడానికి వచ్చిన ముసలి ఆయమ్మ అది చూసి కేకలు పెట్టింది. డాక్టరమ్మ, నర్సు పరుగెత్తుకొచ్చారు. రక్తం ఆగేసరికి పిన్ని పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"యాలమ్మా పిలవలా?" అని ఆయమ్మ అడిగింది.

"అరిస్తే కొడతారు గదమ్మా. పోయినతూరి కొట్టినారు," అంది పిన్ని.

ఆయమ్మ భర్త గనిలో పనిచేసి చనిపోయినవాడు. ఆమె తన స్టీలు చెంబూ, ఒక స్పూనూ తెచ్చి పిన్ని చేతిలో పెట్టింది. "గనిలో మనుసుల్ని దించే కేజ్‌కి గూడా గంటుండాది తల్లీ. కిందోడు కొడితే పైనోడు మిషన్ నిలపాల్సిందే. నువ్వూ కొట్టు. ఎవురేమంటారో నేను చూస్తా."

అక్కడున్న నాలుగు రోజుల్లో పిన్ని ఆ చెంబును ఒక్కసారి కూడా కొట్టలేదు. దాహమేసినా కొట్టలేదు. ఆమె మొహం కాస్త ముడుచుకుంటే చాలు, నేనే కొట్టి అవ్వ చేత తిట్లు తిన్నాను.

పోయిన ఏడాది కోలారులో నా మనవరాలు ప్రసవించింది. బయటికొచ్చిన నర్సు, "బంగారమమ్మా మీ మనవరాలు, నొప్పుల్లో ఒక్క కేక గూడా పెట్టలేదు" అని మెచ్చుకుంది. మావాళ్ళంతా మురిసిపోయారు. నేను మాత్రం లేచి నిలబడ్డాను.

"మెచ్చుకున్నది చాల్లేమ్మా, ముందు పోయి దుప్పటెత్తి చూడు," అన్నాను. ఆ నర్సు మొహం మాడ్చుకుంది. పొగరుబోతు ముసలిదని అనుకుంటే అనుకోనీ, ఆమె లోపలికి పోయి చూసొచ్చేదాకా నేను కూర్చోలేదు.