కత్తిరించి ఉంచిన ఎర్రగుడ్డ

పొద్దున్నే కొట్టు తెరవగానే దర్జీ కుట్టుమిషను జోలికి వెళ్ళేవాడు కాదు. ముందు తడిగుడ్డతో పార్టీ బోర్డు తుడిచేవాడు. ఆ తర్వాతే టీ. అది ఎదురింటి నుంచి వదిన పంపే టీ.

అన్నదమ్ములిద్దరూ పాతికేళ్ళు ఒకే జెండా మోశారు. వాళ్ళ నాయకుడు పెద్దపార్టీతో తెగతెంపులు చేసుకుని, ఈ ప్రాంతానికంటూ చిన్నపార్టీ పెడితే తమ్ముడైన దర్జీ ఆయన వెంట నడిచాడు. అన్న ఉండిపోయాడు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. టీ మాత్రం ఒక్కరోజూ ఆగలేదు. దేవుడు ఆ తల్లికి అంత మనసిచ్చాడు.

“మీ పార్టీ మొత్తం ఒక్క బల్ల చుట్టూ సరిపోతుందటగా?” అని పక్కకొట్టు ఇస్త్రీ అతను ఏడిపించేవాడు.

“ఆ బల్ల కూడా నాదేనోయ్!” అనేవాడు దర్జీ.

నిజమే. గుడ్డలు కత్తిరించే బల్ల చుట్టూనే దర్జీతో కలిపి కమిటీ ఐదుగురూ కూర్చునేవారు.

ఒకరోజు తెల్లారేసరికి అన్న కన్నుమూశాడు. వదినే వచ్చింది.

“నాయనా, మీ అన్న మీద కప్పడానికి వాళ్ళ పార్టీ జెండా కావాలి. నువ్వే కుట్టాలని ఎప్పుడూ అనేవారు.”

దర్జీ ఏడుస్తూనే ఎర్రగుడ్డ కత్తిరించాడు. అంతలో చెయ్యి ఆగింది. కమిటీ అనుమతి లేకుండా పెద్దపార్టీ పని ముట్టకూడదన్నది చిన్నపార్టీ మొదటి తీర్మానం. కబురంపి నలుగురినీ పిలిపించాడు. ఇద్దరు కుట్టమన్నారు, ఇద్దరు వద్దన్నారు. సొంతమనిషి వ్యవహారం కదా, తాను కలగజేసుకోకూడదని దర్జీ చెయ్యెత్తలేదు. ఊళ్ళో లేని నాయకుడికి ఫోను కలిసి, ఆయన సరేననేసరికి అన్నను తీసుకెళ్ళిపోయారు. మీద కప్పింది వెలిసిపోయిన పాత జెండా.

మర్నాడు కూడా టీ వచ్చింది. దర్జీ దాన్ని తాగలేకపోయాడు.

మూడేళ్ళకు నాయకుడు దండ వేయించుకుని మళ్ళీ పెద్దపార్టీలో చేరిపోయాడు. ఆ సాయంత్రం దర్జీ బోర్డు దించి గోడకు ఆనించాడు. పెట్టె అడుగునుంచి ఆ ఎర్రగుడ్డ తీశాడు. వీధి దాటి వెళ్ళి వదిన గుమ్మంలో కూర్చున్నాడు.

“ఒక్క చెయ్యెత్తితే అయిపోయేది వదినా.”

“తెలుసు నాయనా.”

“ఇప్పుడైనా కుడతాను. అన్న ఫొటో దగ్గర పెడుదువుగాని. మిషను మీద వద్దు, చేత్తోనే కుట్టాలి. కళ్ళు ఆనడం లేదు. ఈ సూదిలో కాస్త దారం ఎక్కించిపెడతావా?”