వాపసొచ్చిన పల్లీ నూనె డబ్బా

మెకానిక్ షెడ్డు మూసి నెలైంది కదా అని ఈ రోజు పొద్దున కారు ఇంజిన్ ఆయిల్ నేనే మార్చాను. స్పానరుతో కింద బోల్టు విప్పి, పాత ఆయిల్‌ను టబ్బులోకి దించి, గరాటు పెట్టి ఖాళీ పల్లీ నూనె డబ్బాలో పోశాను. కొత్త ఆయిల్ నింపాక, చెత్త బండి తీసుకెళుతుందని ఆ డబ్బాకి మూత బిగించి అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పెట్టాను. మన వైపు నుంచి ఈ పరాయి రాష్ట్రానికి వలసొచ్చి, లాక్‌డౌన్‌లో పని పోయిన మగ్గాల వాళ్ళ కోసం మా బిల్డింగ్ వాళ్ళు బియ్యం, పప్పు పెట్టే బల్ల కూడా అక్కడే ఉందని నాకు తట్టనే లేదు.

సాయంత్రం, మూతికి కొంగు చుట్టుకున్న ఒకామె తలుపు కొట్టింది. చేతిలో అదే డబ్బా. పొద్దున బియ్యంతో పాటు తీసుకెళ్ళిందట. ఊరికి ఆ చివర మగ్గాలుండే ఉధ్నా నుంచి మళ్ళీ నడిచొచ్చింది.

"మన తెలుగు సారే పెట్టిండని వాచ్‌మన్ చెప్పిండు. మూత తీస్తే నూనె నల్లగున్నది సార్, ఖరాబైంది. మీ ఇంట్ల గూడ గిదే వాడుతున్నరేమో, జర చెప్పిపోదామని వచ్చిన."

"అవునమ్మా, పాడైంది," అన్నాను. కారులోంచి తీసిందని చెప్పడానికి నోరు రాలేదు.

"ఏం కాదు సార్. ఇయ్యాలన్న మనసున్నది, గంతే చాలు."

వంటింట్లోని కొత్త డబ్బా తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. దణ్ణం పెట్టి వెళ్ళింది.

మీరైతే నిజం చెప్పేవారా? నేను చెప్పలేదు. ఈ నెల రోజుల్లో ఆ బల్ల దగ్గర నేను పెట్టింది ఆ నల్ల నూనె ఒక్కటే.