సున్నాకు దిగువన

అల్లూరు హైస్కూల్లో లెక్కల మేష్టరు జయరామయ్యకు ముప్పై అయిదేళ్లు నిండినా ఊరి పొలిమేర దాటే యోగం పట్టలేదు. తండ్రికి పక్షవాతం రావడంతో బడీ, మూడెకరాల మాగాణీ ఆయన మెడకే పడ్డాయి. గానుగెద్దుకైనా కళ్లకు గంతలు కడతారు గనుక ఒకే చోట తిరుగుతున్నానని తెలియదు. ఈయనకు ఆ భాగ్యం కూడా లేదు.

1966లో ఒక్క తలుపు తెరుచుకుంది. పుట్టి వడ్లకు ఎంత నీరు పడుతుందన్న ఆలోచనతో మొదలుపెట్టి, అప్పటికి మూడేళ్లుగా కుస్తీపట్టి ఒక సిద్ధాంతం రాశాడు. భిన్నంలో పైన నీటి లెక్క, కింద పంట లెక్క. పైది గిన్నెలా, కిందది బోర్లించిన గిన్నెలా వంగి ఉంటే, భాగించగా వచ్చే గీత వాలు సున్నా అయిన చోటే అట్టడుగు, అంటే పుట్టికి అతి తక్కువ నీరు; అలా అనిపించే దొంగ అడుగులుండవు. వాల్తేరు ప్రొఫెసరు మెచ్చి, పరిశోధనకు సీటిచ్చి, జనవరిలో రమ్మన్నాడు. పొలం తాను చూసుకుంటానని భార్య మాలకొండమ్మ ధైర్యం చెప్పింది.

డిసెంబరు వానల్లో, ఆయన పెట్టె సర్దుకుంటుండగా, ఆమె మోకాలిదాకా బురదతో వచ్చింది.

"పొద్దుట్నించీ పల్లపు మడిలో గూడబుట్టేసి నీళ్లు తోడతానే ఉండాం. ఈ యేడు ఆ మడికి పెట్టిన నీళ్లకంటే తోడి పోసినయ్యే ఎక్కువ."

ఆయన చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. తూముల దగ్గర నీళ్లకోసం తలలు పగలగొట్టుకునే ఊరివాడాయె, పెట్టినదాంట్లోంచి తోడింది తీసేస్తే నీటి లెక్క సున్నాకు దిగువకు పోతుందన్న ఊహే రాలేదు. గబగబా కాగితం తీసి పైన మైనస్ ఒకటి పెట్టి చూశాడు. వాలు సున్నా అయిన చోటు అడుగు కాదు, నడినెత్తి.

పైది సున్నాకు తగ్గకూడదని ఒక్క పంక్తి చేరిస్తే సిద్ధాంతం నిలుస్తుంది. ఆ పంక్తినీ, తన తప్పునూ రాసి మర్నాడే పోస్టు చేశాడు.

పదిరోజులకు జవాబొచ్చింది. షరతుతో అంతా సరైనదేనట. కానీ కమిటీ ఒప్పుకున్నది షరతు లేనిదాన్ని గనుక ఈ సీటు చెల్లదట. వచ్చే ఏడు మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు, వయసు ముప్పై అయిదు దాటకుంటే.

"నోరు మెదపకుండా పోయుంటే ఎవరికి తెలిసేదంట?" అంది మాలకొండమ్మ.

"నాకు తెలుసు గదే."

ఆమె ఉత్తరం మడిచి ఆయన చేతికిచ్చింది. "అయితే ఆ నీళ్ల మాట నేననకుంటే పోయుందువు గదయ్యా."

కాదనాలని జయరామయ్య నోరు తెరిచాడు. అది అబద్ధమవుతుందని, సర్దిన పెట్టెలోంచి చొక్కాలు ఒక్కొక్కటే తీసి దండెం మీద వేశాడు.