చినబాబు ఎడమ చెయ్యి

సెక్టర్ 7లో చినబాబుని ఎవరైనా ఎడమ ముంజేతిని చూసి పోల్చుకోవచ్చు. కుడిచేతికి ఎలుగుబంటికి మల్లే వెంట్రుకలుంటాయి, ఎడమచేతికి ఒక్కటీ ఉండదు. స్టీల్ ప్లాంటులో ఫిట్టరైన ఆయన పాత కూలర్ మోటారుకి గరుకు ఎమరీ బెల్టు తగిలించి, ప్రతి ఆదివారం వరండాలో కత్తులు సానబెడతాడు. మోటారు తిరిగినంతసేపూ పక్క క్వార్టర్లలో టీవీ బొమ్మ వణుకుతుంది. పదును తేలిందో లేదో తన ముంజేతి వెంట్రుకలు గీసి చూసుకుంటాడు. మీసం మీది ఇనుపరజను దులుపుకుని, "దీంతో గడ్డం గీసుకోవచ్చు భయ్యా," అంటూ పొరుగువాళ్ల కత్తి పొరుగువాళ్లకి అప్పగిస్తాడు. ఆ వారమంతా వీధిలో ఆడవాళ్ల వేళ్లకి గుడ్డపీలికలే. అందుకే ఆయన భార్య తులసమ్మ ఒక మొద్దు కత్తిని బియ్యం డబ్బాలో దాచుకుంది.

మొన్న ఆమెకి జ్వరమొచ్చి వంట చినబాబు మీద పడింది. బెండకాయలు ముందేసుకుని, గట్టుమీద తళతళలాడుతున్న కత్తిని కాసేపు చూశాడు. తర్వాత ఎక్కడా వెతక్కుండా, నేరుగా బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టాడు.

"అదేటండీ, పదునుది అక్కడే ఉంది కదా!" అంది మంచం మీంచి తులసమ్మ.

"ఉంటే ఉందిలేవే. రేపు డూటీకి నాకు పది వేళ్లూ కావాల," అన్నాడు చినబాబు.